మా ఇంట్లో గడ్డ అనే మాట

ప్రతి ఏడాదీ మొదటి సెమిస్టర్‌లో నేనొక ప్రాక్టికల్ క్లాసు చెప్తాను. బల్ల మీద నాలుగు పళ్ళేలు పెడతాను. ఒకదాంట్లో బంగాళాదుంపలు, ఒకదాంట్లో ఉల్లిపాయలు, ఒకదాంట్లో చిలగడదుంపలు, ఇంకోదాంట్లో చామదుంపలు. మా డిపార్ట్‌మెంట్‌కి వచ్చే పిల్లలు ఎక్కువమంది తెలంగాణ జిల్లాలవాళ్ళు. వాళ్ళకి ఇవి ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, కందగడ్డ, చామగడ్డ. ఇవన్నీ ఏమిటని అడిగితే గడ్డలు మేడమ్ అంటారు. గడ్డ అంటే ఏమిటంటే వేరు అంటారు. అక్కడ దొరుకుతారు నాకు. బంగాళాదుంప వేరు కాదు, మట్టిలో దాక్కున్న కాండం. దాని కళ్ళు మొగ్గలు. ఉల్లిపాయలో మనం తినేవి ఆకులు. నాలుగింటిలో చిలగడదుంప ఒక్కటే వేరు. అందరూ గడ్డ అన్నంత మాత్రాన అన్నీ ఒకటే అయిపోవు, కోసి చూడకుండా ఏదీ చెప్పకండి అని గంటసేపు వాయిస్తాను.

ఇన్ని కబుర్లు చెప్పే నేను, నా కడుపులోనే గడ్డ ఉందని తెలిసిన రోజున ఆ పిల్లలకంటే అన్యాయంగా తయారయ్యాను.

మాది కోస్తా. నాన్న ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో స్థిరపడ్డాడు. నేను పుట్టింది, చదివింది, ఇప్పుడు పాఠాలు చెప్తున్నది అంతా ఇక్కడే, ఇంటి నుంచి క్యాంపస్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఇన్నేళ్ళ హైదరాబాదు అమ్మ భాషని చాలానే మార్చింది. పరేషాన్ అంటుంది, ఆటోవాణ్ణి భయ్యా అంటుంది. కానీ ఉల్లిగడ్డ అన్న మాట మాత్రం ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు. తోపుడుబండి అతను ఆలుగడ్డ, ఉల్లిగడ్డ అని అరుచుకుంటూ వస్తే బాల్కనీలోంచి "ఉల్లిపాయలు అను బాబూ" అని దిద్దేది. పాపం అతనికి ఈ పాఠం ఎందుకో అర్థమయ్యేది కాదు. కోస్తావాళ్ళ పట్టుదల అంటే ఇదీ అని మా ఆయన ఏడిపించేవాడు. మేమూ అదే అనుకున్నాం.

కడుపు ఉబ్బరంగా ఉంటోందని, కొద్దిగా తింటే చాలు నిండిపోతోందని కొన్ని వారాలు ఓర్చుకుని చివరికి స్కానింగ్‌కి వెళ్ళాను. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళేమో అని నా సొంత వైద్యం. తార్నాక చౌరస్తాకి దగ్గర్లోని స్కానింగ్ సెంటర్‌లో సీసాల కొద్దీ నీళ్ళు తాగించి కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక స్కానింగ్ చేసే డాక్టరమ్మ కుడివైపు గబగబా చూసేసి, ఎడమవైపు పొత్తికడుపు దగ్గర ఆగిపోయింది. అక్కడక్కడే తిప్పుతోంది, నొక్కుతోంది, కొలతలు తీసుకుంటోంది. పాతికేళ్ళుగా మైక్రోస్కోపులో కన్నుపెట్టి బతికినదాన్ని, స్క్రీన్ అటు తిప్పి ఉంటే ఊరుకోగలనా? ఏం కనిపిస్తోందని అడిగాను. రిపోర్ట్‌ల వస్తది మేడమ్ అంది. ఎంత ఉందన్నాను. పెద్ద నిమ్మకాయంత అంది.

రిపోర్టులో ఎడమ అండాశయంలో కాంప్లెక్స్ సిస్ట్ అని రాశారు. సిస్ట్ అంటే తిత్తి అని తెలుసు. కాంప్లెక్స్ అన్న మాట ఫోన్‌లో వెతికాను. లోపల నీరొక్కటే కాకుండా ఇంకేవో ఉన్నాయని దాని అర్థమట. ఏవో అంటే ఏవి? ఇంటికి వచ్చేలోపు నిమ్మకాయ నా బుర్రలో బత్తాయి అయింది. మన దగ్గర గడ్డల్ని కాయల్లో ఎందుకు కొలుస్తారో నాకు ఇప్పటికీ తెలీదు. వృక్షశాస్త్రం చెప్పేదాన్నే అయినా ఆ వారమంతా పండ్ల దుకాణం ముందు నుంచి నడవడానికి మనసొప్పలేదు.

గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం కాస్త ధీమాగానే వెళ్ళాను. ఎందుకంటే అంతకు ముందు ఏడాదే మా క్యాంపస్‌లో ఉద్యోగినులకి గర్భసంచి క్యాన్సర్ పరీక్షా శిబిరం పెట్టారు. సిగ్గుపడి వెనకాడుతున్న మా డిపార్ట్‌మెంట్ ఆడవాళ్ళందరినీ బలవంతాన తీసుకెళ్ళింది నేనే. నా రిపోర్టు నార్మల్ అని వచ్చింది. పొత్తికడుపు మొత్తానికి పూచీకత్తు దొరికినట్టు ఆ కాగితం జాగ్రత్తగా దాచుకున్నాను. డాక్టరు ముందు అదే తీసిపెట్టి, పోయినేడే పరీక్ష అయింది, క్యాన్సర్ లేదని ఇచ్చారు కదా అన్నాను.

ఆవిడ నా వయసుదే. నవ్వలేదు, విసుక్కోలేదు. ప్రిస్క్రిప్షన్ కాగితం తిరగేసి బొమ్మ గీసింది. బోర్లించిన బేరిపండులా గర్భాశయం, కింద దాని ముఖద్వారం, పైన రెండు పక్కలా రెండు చేతుల్లా గొట్టాలు, వాటి చివర దగ్గర చెరో బాదంకాయ. ముఖద్వారం దగ్గర చుక్క పెట్టి "మీ శిబిరంలో చేసిన పరీక్ష ఇక్కడిది మేడమ్" అంది. ఎడమ బాదంకాయ చుట్టూ సున్నా చుట్టి "మీ గడ్డ ఇక్కడుంది" అంది.

రెండింటికీ మధ్య కాగితం మీద జానెడు దూరం ఉంది. నేను చదువుకున్నదాన్ని. గర్భాశయం వేరు, అండాశయం వేరు అని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఇంట్లో మేం వాడే మాట ఒక్కటే: గర్భసంచి. అందులోనే అన్నీ ఉంటాయన్నట్టు వాడతాం. గర్భాశయం, అండాశయం, మూత్రాశయం, పిత్తాశయం, ఒంట్లో ఇన్ని ఆశయాలు పెట్టుకుని ఒక్కదాని సంగతీ సరిగ్గా తెలుసుకోకుండా నలభై నాలుగేళ్ళు గడిపేశాను.

మరి అండాశయానికి కూడా అలాంటి పరీక్ష ముందే చేసి ఉండాల్సింది కదా అని వాదనకి దిగాను. నాకు వాదన అంటే ధైర్యం వస్తుంది. అలాంటిది లేదంది ఆవిడ. ముఖద్వారం అయితే చేతికి అందుతుంది, దూదిపుల్లలాంటిదాంతో నాలుగు కణాలు తీసి చూడొచ్చు. అండాశయం లోపలెక్కడో ఉంటుంది, అలా అందదు. స్కానింగూ, సీఏ-125 అనే రక్తపరీక్షా ఉన్నాయి కానీ, ఏ ఇబ్బందీ లేని, ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేని ఆడవాళ్ళకి ఏటా అవి చేసుకుంటూ పోతే ఉపయోగం కంటే హడావిడి ఎక్కువట. ఏమీ లేనివాళ్ళకి ఏదో ఉన్నట్టు చూపిస్తాయి, అక్కర్లేని ఆపరేషన్లు జరుగుతాయి, పోనీ ప్రాణాలు నిలబడతాయా అంటే అదీ కనబడలేదట. అందుకే ఒంటి మాట వినమంది. తగ్గని ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం, ఇవి కొత్తగా మొదలై వారాల తరబడి వదలకపోతే గ్యాస్ అని సరిపెట్టుకోకుండా రావాలంది. నేను సరిపెట్టుకున్న మాట అక్షరాలా అదే.

తర్వాత ఆవిడ నన్ను వరసగా ప్రశ్నలు అడిగింది. అమ్మకి గానీ, అమ్మ అక్కచెల్లెళ్ళకి గానీ, నాన్న వైపు వాళ్ళకి గానీ రొమ్ము క్యాన్సరో అండాశయం క్యాన్సరో వచ్చిందా? ఏ వయసులో? నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చిన్నప్పటి నుంచీ విన్నదే. మా పెద్దమ్మ, అంటే అమ్మకి సొంత అక్క, ఇరవై రెండేళ్ళ వయసులో కడుపులో గడ్డ వచ్చి పోయింది.

ఆవిడ పెన్ను ఆగింది. "గడ్డ అంటే ఎక్కడిది?" అంది.

కడుపులో అన్నాను. కడుపులో అంటే లివరా, పేగులా, అండాశయమా? ప్రాక్టికల్ పరీక్షలో నేను పిల్లల్ని సరిగ్గా ఇలాగే అడుగుతాను. తెలీదని ఒప్పుకున్నాను. కనుక్కుని రమ్మంది, ఈసారి వచ్చేలోపు సీఏ-125, ఎమ్మారై కూడా చేయించమంది.

మర్నాడు డిపార్ట్‌మెంట్‌లో నా పక్కగదిలో కూర్చునే సహోద్యోగికి చెప్పాను. నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది. వ్యవసాయం చేసుకునే కుటుంబంలో పుట్టి, అడిక్‌మెట్‌లో అద్దెగదుల్లో ఉండి చదువుకుని ఇక్కడే లెక్చరర్ అయింది. ఆమె నా భయాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళ ఊళ్ళో నలభై దాటినవాళ్ళలో సంచి ఉన్నవాళ్ళు తక్కువట. నొప్పి అన్నా తీసేస్తారు, తెల్లబట్ట అన్నా తీసేస్తారు.

"మా చిన్నమ్మకు సంచి తీసినంక గూడ గడ్డ అయిందక్కా. సంచే లేనప్పుడు గడ్డ యాడికెళ్ళి వచ్చిందని మేమంత పోయి డాక్టర్‌తోని కొట్లాడినం" అంది.

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వి నవ్వి ఆగాక, నా దాచుకున్న రిపోర్టు గుర్తొచ్చి నాకే చిన్నతనం వేసింది. ఆమె సలహా మాత్రం సూటిగా ఇచ్చింది. సంచీ, ఆ రెండు బాదంకాయలూ కలిపి తీయించెయ్యి, పీడ పోతది అంది. ఆ మాట నాకు నచ్చింది. పీడ పోవడం అనే ఆలోచన ఎవరికి నచ్చదు?

ఇంటికి వచ్చి అమ్మని అడిగాను. పెద్దమ్మ గడ్డ ఎక్కడిది? కడుపులోదే అంది, చిక్కుడుకాయలు ఒలుస్తూ. కడుపులో ఎక్కడ? "గడ్డ అంటే గడ్డే. ఎప్పటి మాటలో, ఇప్పుడెందుకు?" అని లేచి వెళ్ళిపోయింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఎవరైనా అడిగితే నాకు గ్యాస్ ట్రబుల్ అనో అపెండిసైటిస్ అనో చెప్పాలి, గడ్డ అనకూడదు. ఇంట్లో ఇంటర్ చదివే ఆడపిల్ల ఉంది, రేపు పెళ్ళి దాకా ఈ మాట నిలుస్తుంది అంది. నాకు ఒళ్ళు మండింది. నా ప్రాణం సంగతి నేను చూసుకుంటుంటే అమ్మకి మాట సంగతి పట్టింది.

నా మనసులో మెదులుతున్నది నేనొక్కదాన్నే కాదు. అమ్మ తమ్ముడు, మా మామయ్య, విజయవాడలో ఉంటాడు. ఆయన కూతురు పెద్దత్తకి గడ్డ వచ్చిందన్న మాట విని పెరిగిన మనిషి. ఏ బాధా లేకపోయినా ఏటా స్కానింగ్ తీయించుకుంటుంది, సీఏ-125 చేయించుకుంటుంది. ఒక ఏడాది ఆ రక్తపరీక్షలో అంకె కాస్త పెరిగితే తిండి మానేసింది, మామయ్య గుళ్ళ చుట్టూ తిరిగాడు. తర్వాత దానంతట అదే తగ్గింది. ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయికి కూడా ఇదే రాసిపెట్టి ఉందా అని నేను అన్నం ముందు కూర్చుని ఆలోచించేదాన్ని.

రెండోసారి డాక్టరు దగ్గరికి అమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. ఎమ్మారైలో గడ్డలో కొవ్వు కనబడిందట, డెర్మాయిడ్ అనే మామూలు రకం అయ్యే అవకాశమే ఎక్కువట. అయినా పెద్దదే కాబట్టి మెలి తిరిగే ప్రమాదం ఉంది, తియ్యాలి. తీసి పరీక్షకి పంపాకే తేల్చి చెప్పగలను అంది డాక్టరు. సీఏ-125 మాత్రం ఉండాల్సినదానికంటే కొంచెం పైన ఉంది. నా ముఖం చూసి, ఆ అంకె క్యాన్సర్‌కి ఒక్కదానికే పెరగదని చెప్పింది. నెలసరి రోజుల్లో పెరుగుతుంది, ఫైబ్రాయిడ్లు ఉంటే పెరుగుతుంది, కడుపులో టీబీ ఉన్నా పెరుగుతుంది అంది. నా పక్కన అమ్మ చేతిసంచి జారి కిందపడింది. మందుల డబ్బా, కళ్ళజోడు చెల్లాచెదురయ్యాయి. అన్నీ ఏరి ఇచ్చాను. నీరసం అనుకున్నాను.

డాక్టరు అమ్మని కూడా పెద్దమ్మ గురించి అడిగింది. అమ్మ నేల చూస్తూ గడ్డే అంది. అప్పుడు డాక్టరు నాతో నిదానంగా చెప్పింది. అంత చిన్న వయసులో పోయిన మీ పెద్దమ్మగారిది అండాశయం క్యాన్సరే అయితే లెక్క మారుతుంది. మీకు జన్యుపరీక్ష చెయ్యాలి, మీ అమ్మాయి గురించి కూడా ముందు ముందు ఆలోచించాలి, రెండు అండాశయాల సంగతీ మాట్లాడుకోవాలి. కాకపోతే గడ్డ ఒక్కటే ఒలిచి తీసి అండాశయాన్ని ఉంచేస్తాను.

నాకు ఓపిక చచ్చిపోయింది. అడగడానికి ఎవరూ మిగల్లేదు, ఆసుపత్రి కాగితాలు లేవు, ఉన్న ఒక్క మనిషీ గడ్డ తప్ప ఇంకో మాట అనడం లేదు. "రెండూ తీసెయ్యండి డాక్టర్‌గారూ. ఇక నేను దీని గురించి ఆలోచించలేను" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. రెండూ తీస్తే మర్నాటి నుంచే మెనోపాజ్ మొదలవుతుంది, ఎముకలకీ గుండెకీ అంత మంచిది కాదు, అవసరమైతే తప్పకుండా తీస్తాను కానీ భయంతో తియ్యను అంది. ఇంకో వారం టైమిచ్చింది.

బయటికి వచ్చాక ఆటో పిలవబోతే అమ్మ వద్దంది. కాసేపు కూర్చుందాం, క్యాంపస్‌లోకి వెళ్దాం అంది. సాయంత్రం వాకింగ్‌కి వచ్చేవాళ్ళు అప్పుడప్పుడే మొదలయ్యారు. చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలు గైడ్లు ఒళ్ళో పెట్టుకుని నోట్లో నోట్లో వల్లె వేసుకుంటున్నారు. ఆర్ట్స్ కాలేజీ కనిపించేలా ఒక సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అక్కది గడ్డ కాదే" అంది.

ఏమిటీ అన్నాను. నిజానికి అర్థం కాలేదు.

"క్షయ. పేగుల్లో వచ్చింది. చేత్తో తడిమితే ఇక్కడ గట్టిగా తగిలేది" అని తన కుడివైపు పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "గడ్డ అని చెప్పమంది మీ అమ్మమ్మ. అప్పుడే నాకు మీ నాన్న సంబంధం ఖాయమైంది. క్షయ ఉన్న ఇంట్లో పిల్లని ఎవరు చేసుకుంటారు? గడ్డ అయితే అంటుకోదుగా."

నాన్నకి తెలుసా అని అడిగాను. పోయేదాకా తెలీదంది. మామయ్య అప్పటికి చిన్నపిల్లాడు, పెద్దమ్మ చంకన పెరిగినవాడు, వాడికీ గడ్డ అనే చెప్పారు. అనగా అనగా తనకే అది గడ్డ అయిపోయిందంది. డాక్టరు నోట టీబీ అన్న మాట వినేదాకా ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడతాయని తట్టలేదంది.

ముందు నాకు ఊపిరి తేలికైంది. అది దాచుకోను. ఒక చావు కబురు విని సంతోషించడం ఎలా ఉంటుందో ఆ బెంచీ మీద తెలిసింది. క్షయ పేగులది, అది తల్లి నుంచి కూతురికి రక్తంలో వచ్చేది కాదు, నాకు గానీ నా కూతురికి గానీ దాంతో సంబంధం లేదు. ఆ వెంటనే కోపం వచ్చింది. అంటుకోదని ఏరి కోరి పెట్టుకున్న మాట మా ఇంటిల్లిపాదికీ అంటుకుని కూర్చుంది. బండివాడి ఉల్లిగడ్డ దాకా పాకింది. ఇప్పుడే మామయ్యకి ఫోన్ చేస్తాను, ఆ పిల్ల ఊరికే ఏటా హడలిచస్తోంది అన్నాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. వద్దే అంది. నువ్వు చెప్పకు, నా తమ్ముడికి నేనే చెప్పుకోవాలి, కొంచెం టైమివ్వు అంది. ఎంత టైము, ఇన్నేళ్ళు చాల్లేదా అని నేను గట్టిగానే అనేశాను. పక్క చెట్టు కింద చదువుకుంటున్న కుర్రాడు తలెత్తి చూశాడు. అమ్మ చేతిసంచి తీసుకుని లేచింది. ఇంటికి ఆటోలోనే వెళ్ళాం.

డాక్టరుకి చెప్పాను. ఆవిడ నా ఫైల్లో ఆ సంగతి రాసుకుని, ఇలాంటివి చాలా వింటాం మేడమ్ అంది. ఎడమవైపు గడ్డ ఒక్కటే తియ్యడానికి నిర్ణయమైంది. నేను ఒక్కటే కోరిక కోరాను. తీసినదాన్ని నాకు చూపించాలి. ఆవిడ అనుమానంగా చూస్తే, నా వృత్తి అది అని చెప్పాను.

చూపించింది, ఫోన్‌లో ఫోటో తీసి. లోపల గడ్డకట్టిన నెయ్యిలా పసుప్పచ్చటి కొవ్వు, దాంట్లో చుట్టుకుపోయి నల్లటి వెంట్రుకలు, ఒక మూల తెల్లగా, పొందిగ్గా, ఒక పన్ను. మత్తు పూర్తిగా దిగకపోయినా నేను ఆ ఫోటోని పెద్దది చేసుకుని చేసుకుని చూశాను. అండం కావాల్సిన కణం ఒకటి, ఎవరూ పిలవకుండానే, తనకి తెలిసిన పనులన్నీ మొదలుపెట్టింది. కాస్త చర్మం, కాస్త జుట్టు, ఓ పన్ను. రణపాల ఆకు కింద పడి అంచుల వెంట పిలకలు వేస్తుంది చూడండి, అలాగ. కాకపోతే ఆకుకి మొత్తం మొక్క తెలుసు, దీనికి మనిషి మొత్తం తెలీదు. ఇన్నేళ్ళూ నూనె ఎరగని, దువ్వెన ఎరగని ఆ జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. నా తలలో సగం నెరిసింది.

అమ్మకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది.

"పన్నా? ఎవరిది?" అంది.

నాదే అన్నాను. చాలాసేపు నమ్మలేదు. చెడ్డదేమీ లేదని పాథాలజీ రిపోర్టు వచ్చిన రోజున కూడా ఆవిడ మొదట అడిగింది ఆ పన్ను సంగతే. దాన్ని ఏం చేశారట అంది.

రిపోర్టు వచ్చిన ఆ మధ్యాహ్నమే మామయ్య ఫోన్ చేశాడు. నేను ఇంట్లో మంచం మీద పడుకుని ఉన్నాను, అమ్మ పక్కన కుర్చీలో ఉంది. వినికిడి తగ్గినప్పటి నుంచి అమ్మ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది. ఆయనకి అపెండిసైటిస్ అనే చెప్పి ఉంచింది, ఆయన నమ్మలేదు.

"నిజం చెప్పక్కా. గడ్డేనా? పెద్దక్కకి వచ్చినట్టేనా?"

అమ్మ నా వంక చూసింది. నేను కళ్ళు తిప్పుకున్నాను. బెంచీ మీద అన్న మాటల తర్వాత నేను ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఇప్పుడూ ఏదో ఒకటి చెప్పి దాటేస్తుందనే అనుకున్నాను.

"దీనిది డెర్మాయిడ్ అంటార్రా. మంచిదే, ఏం ఫర్వాలేదన్నారు" అంది అమ్మ. ఫోను నోటికి దగ్గరగా తెచ్చుకుంది. "ఒరే, అక్కది అసలు గడ్డ కాదు. టీబీ. నా సంబంధం చెడిపోతుందని అమ్మ అలా చెప్పించింది. నీ కూతురికి ఆ పరీక్షలు అక్కర్లేదు. డాక్టరుని అడిగి మాన్పించెయ్యి."

అటువైపు ఎక్కడో స్కూటరు హారన్ వినిపించింది. మామయ్య తిడతాడనుకున్నాను, లేకపోతే కూతురి గురించి అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది వేరే. ప్రశ్నలు వెయ్యడమే బతుకు అనుకునే నాకు, ఆ బెంచీ మీద అంతసేపు కూర్చుని కూడా తట్టని ప్రశ్న.

"టీబీకి అప్పటికే మందులు వచ్చేశాయి కదక్కా?"

అమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ చెప్పింది. వచ్చాయి. పెద్దాసుపత్రిలో మొదలుపెట్టారు కూడా. అక్క తేరుకుంది, అన్నం తినేది, నిన్ను ఎత్తుకుని వీధిలోకి వచ్చేది. నెలనెలా ఆసుపత్రికి వెళ్తుంటే పెళ్ళివారి చెవిన పడుతుందని ఆపేశారు. నా పెళ్ళి అయిపోగానే మళ్ళీ మొదలుపెడదామనుకున్నారు.

మామయ్య ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. నాకు లేచి అమ్మ దగ్గరికి వెళ్ళాలని ఉంది. కుట్లు లాగుతున్నాయి, లేవలేకపోయాను. చెయ్యి చాపితే కుర్చీ కోడు మాత్రం అందింది.

"పెళ్ళికి నాకు జడ వేసింది అక్కేరా" అంది అమ్మ. "కూర్చోలేకపోతే, గోడకి ఆనించి కూర్చోబెట్టారు."